పాలపళ్ళు, శాశ్వత దంతాలు: మనిషిలో, పశువులో

మనిషికి పాలపళ్ళు 20, శాశ్వత దంతాలు 32. ఆవుకీ సరిగ్గా ఇవే లెక్కలు! అమరికే వేరు: ఆవు పైదవడలో ముందుపళ్ళు ఉండవు, గట్టి చిగురు మాత్రమే.

పాలపన్ను చిన్నది, బాగా తెల్లన, పైనున్న ఎనామిల్ పొర పలచన. అందుకే పుచ్చు త్వరగా లోపలికి దిగుతుంది. శాశ్వత దంతం కాస్త పసుపు ఛాయలో, పొడవాటి వేళ్ళతో నిలుస్తుంది. "ఎలాగూ ఊడేవే కదా" అని పాలపన్ను పుచ్చును వదిలేయడం నాకు అస్సలు నచ్చదు. అది ముందే పోతే పక్కపళ్ళు జరిగి, లోపల ఎదుగుతున్న పన్నుకు చోటు తగ్గిపోతుంది. ఇంకో మాట: ఆరేళ్ళప్పుడు ఏ పన్నూ ఊడకుండానే వెనకాల వచ్చే దవడపన్ను శాశ్వతమైనది. చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు.

కుక్కపిల్లకైతే 28 పాలపళ్ళు పోయి 42 వస్తాయి, అదీ ఏడాది లోపే.

పశువుల దగ్గర రైతు ఈ తేడాతోనే వయసు కడతాడు. కింది పెదవి దించి చూస్తే, సన్నటి పాలపళ్ళ నడుమ వెడల్పాటి కొత్త జత కనిపిస్తుంది. అది రెండు పళ్ళ కోడె, సుమారు రెండు, రెండున్నరేళ్ళది. ఒంగోలు జాతి ఎద్దుల బండలాగుడు పోటీల్లో విభాగాలూ ఈ లెక్కనే: రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు.