కార్డును వర్చువల్ మెషీన్‌కు అప్పగించాలా, హోస్ట్ దగ్గరే ఉంచాలా: ఏది మేలు?

బ్రాడీపేటలో ఒక ఆడిటర్ ఆఫీసు, గుంటూరు శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ అనుకుందాం. రెండు చోట్లా ఒక్కో లినక్స్ సర్వర్, దాని మీద కేవీఎంలో (లినక్స్‌లోనే ఉండే వర్చువలైజేషన్ సదుపాయం) నాలుగైదు వర్చువల్ మెషీన్లు. అసలు సర్వర్ హోస్ట్, ఆ మెషీన్లు గెస్టులు. ఆడిటర్‌కు డిజిటల్ సంతకం టోకెన్ విండోస్ మెషీన్‌లో కనబడాలి. కాలేజీకి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఇద్దరి ప్రశ్నా ఒకటే: "పాస్‌త్రూ (పరికరాన్ని నేరుగా గెస్ట్‌కు అప్పగించడం) పెట్టేస్తే సరిపోతుందా?" నేనైతే స్పీడు సంగతి తర్వాత చూస్తాను. ఆ పరికరం డ్రైవర్ హోస్ట్‌లో నడవాలా, గెస్ట్‌లో నడవాలా అన్నది ముందు తేల్చుకోవాలి.

నెట్‌వర్క్‌కు, డిస్కులకు వర్ట్ఐఓ అనే ఉత్తుత్తి పరికరాల పద్ధతి చాలు. 2008లో వచ్చిన 2.6.24 లినక్స్ కెర్నల్ నుంచీ ఉన్నదే. అసలు డ్రైవర్ హోస్ట్‌లోనే ఉంటుంది, గెస్ట్‌కు కనిపించేది ఉత్తుత్తి కార్డు. అది ఉత్తుత్తిదని గెస్ట్‌కూ తెలుసు కాబట్టి నిజం కార్డులా నటించే ఖర్చు తప్పుతుంది. గిగాబిట్ లైనుకు ఇంతకు మించి అక్కర్లేదు. విండోస్‌కు మాత్రం ఆ డ్రైవర్లు విడిగా ఎక్కించాలి, లేకపోతే ఇన్‌స్టాల్ దగ్గరే డిస్కు కనబడదు.

కార్డునే గెస్ట్‌కు అప్పగించే వీఎఫ్‌ఐఓ 2012లో 3.6 కెర్నల్‌తో వచ్చింది. ఇందులో కార్డును దాని సొంత డ్రైవర్ నుంచి విడదీసి వీఎఫ్‌ఐఓ-పీసీఐ అనే డ్రైవర్‌కు కడతాం. అసలు డ్రైవర్ గెస్ట్‌లో నడుస్తుంది. కార్డు మెమరీని నేరుగా తాకుతుంది కాబట్టి, ఆ గెస్ట్ హద్దు దాటకుండా ఐఓఎంఎంయూ (పరికరాలు ఏ మెమరీని తాకవచ్చో అదుపు చేసే హార్డ్‌వేర్) కాపలా ఉండాలి. ఇంటెల్‌లో దాని పేరు వీటీ-డీ. బయాస్‌లో ఆన్ చేయకపోతే పని మొదలే కాదు.

చిక్కంతా గ్రూపుల దగ్గర, అంటే ఐఓఎంఎంయూ ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేని పరికరాల గుంపుల దగ్గర. ఒక ఐఓఎంఎంయూ గ్రూపులోని పరికరాల్లో ఒక్కదాన్ని గెస్ట్‌కిచ్చి మిగతావాటిని హోస్ట్ వాడుకోవడం కుదరదు. ఏసీఎస్ ఓవర్‌రైడ్ ప్యాచ్ వేస్తే గ్రూపు విడిపోతుందని సలహాలిస్తారు. హార్డ్‌వేర్ హామీ ఇవ్వని విభజన ఉందని కెర్నల్‌ను నమ్మించడమే ఆ ప్యాచ్ చేసే పని. మెయిన్‌లైన్ (అధికారిక) కెర్నల్‌లో దానికి చోటు దక్కలేదు. పిల్లలు రూట్‌గా (పూర్తి అధికారాలతో) తిరిగే ల్యాబ్‌లో నేను వేయను గాక వేయను.

ఖర్చులు ఇంకా ఉన్నాయి. కార్డు ఏ పేజీనైనా తాకవచ్చు కనుక గెస్ట్ ర్యామ్ మొత్తం కదలకుండా బిగుసుకుపోతుంది. ఉన్నదానికంటే ఎక్కువ ర్యామ్ పంచే ఆట ఇక సాగదు. కరెంటు పోయి యూపీఎస్ కూతపెడుతుంటే మెషీన్‌ను ఉన్న స్థితిలో సేవ్ చేద్దామంటే, పీసీఐ పరికరం తగిలించి ఉందని, మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ సాధారణంగా ఒప్పుకోదు. షట్‌డౌన్ చేయాల్సిందే. పైగా కొన్ని కార్డులు సరిగా రీసెట్ కావు, వాటి కోసం హోస్ట్‌నే రీబూట్ చేయాలి. ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

టోకెన్‌కు ఇదంతా అవసరమా? ఒక్కటే ఉంటే అవసరం లేదు, మామూలు యూఎస్‌బీ పాస్‌త్రూ చాలు. కానీ ఆడిటర్ డ్రాయరు తెరిస్తే క్లయింట్ల టోకెన్లు గుత్తులుగా ఉంటాయి, అందులో సగం ఒకే కంపెనీవి. ఒకే మోడల్ టోకెన్లన్నిటికీ వెండర్, ప్రొడక్ట్ నంబర్లు ఒకటే. రెండు ఒకేసారి గుచ్చితే ఏది కావాలో ఆ నంబర్లతో చెప్పలేం. తీసి గుచ్చితే పరికరం అడ్రసూ మారిపోతుంది. అందుకే నా ఓటు వేరే దానికి: విడిగా ఒక యూఎస్‌బీ కార్డు కొని, ఆ కంట్రోలర్‌నే వీఎఫ్‌ఐఓతో విండోస్‌కు ఇచ్చేయడం. ఆ పోర్టులో ఏది గుచ్చినా అక్కడికే వెళ్తుంది.

నెట్‌వర్క్ కార్డుకు ఎస్ఆర్-ఐఓవీ అనే హార్డ్‌వేర్ పద్ధతి మధ్యేమార్గం. ప్రధాన డ్రైవర్ హోస్ట్‌లోనే ఉంటుంది, కార్డు మాత్రం చిన్న చిన్న కార్డులుగా విడిపోతుంది. ఇంటెల్ 82599 నెట్‌వర్క్ చిప్‌లో పోర్టుకు 63 దాకా చేసుకోవచ్చు. ఒక్కోటీ ఒక్కో గెస్ట్‌కు ఇవ్వొచ్చు. అయితే గెస్టుల మధ్య ట్రాఫిక్ కార్డులోపలే తిరుగుతుంది, హోస్ట్ ఫైర్‌వాల్‌కు కనబడదు. పది గిగాబిట్ వాడకం నిజంగా ఉంటేనే దీని జోలికి వెళ్లాలి.

ఇక కాలేజీ గ్రాఫిక్స్ కార్డు. దాన్ని ముక్కలు చేసే మీడియేటెడ్ పరికరాల పద్ధతి 2017లో 4.10 కెర్నల్‌తో వచ్చింది కానీ, అది కార్డు తయారీదారు డ్రైవర్ మీద ఆధారపడుతుంది, ఎన్విడియా అయితే లైసెన్సు కూడా కొనాలి. కార్డు మొత్తం ఒక్క లినక్స్ గెస్ట్‌కే ఇచ్చి, పిల్లలకు అందులో కంటైనర్లు (ఒకే సిస్టమ్‌లో విడివిడి గదుల్లాంటివి) పంచడం మేలు. హోస్ట్ స్క్రీన్‌కు బోర్డు మీది గ్రాఫిక్స్ వాడుకోవాలి. కార్డును బూట్‌లోనే వీఎఫ్‌ఐఓకు కట్టేయాలి, దాని ఆడియో భాగంతో సహా. లేకపోతే హోస్ట్ డ్రైవర్ ముందే పట్టేసుకుంటుంది, తర్వాత విడిపించడం అన్నిసార్లూ సాఫీగా జరగదు.