ఏడాది వెల్‌నెస్ కోర్సు: క్లాసులు మంచివే, కాంట్రాక్టే మెడకు చుట్టుకుంది

ముందుగా కోర్సు గురించి చెప్తాను. దాన్ని నేను నెలల తరబడి శ్రద్ధగా వాడాను. థైరాయిడ్, నడుము నొప్పి, నిద్ర పట్టకపోవడం, అన్నింటికీ కలిపి ఒకటే ఆన్‌లైన్ ప్యాకేజీ అన్నారు. ఏడాదికి 84,000 రూపాయలు. పొద్దున్నే యోగా చెప్పే మేడమ్ మాత్రం నిజంగా మంచి టీచర్. స్క్రీన్ నిండా జనం ఉన్నా, భుజంగాసనంలో నా కుడి భుజం చెవి వైపు లేస్తోందని పేరు పెట్టి పిలిచి సరిచేశారు. నడుము నొప్పి తగ్గిందంటే ఆ పుణ్యం ఆవిడదే.

డైట్ సంగతి వేరు. కినోవా, అవకాడో రాసిచ్చారు. మా కూకట్‌పల్లి రైతు బజార్‌లో దొరికే జొన్నలు, పెసలు, తోటకూరతో మార్చి ఇవ్వమంటే మళ్లీ అదే పీడీఎఫ్ వచ్చింది. కోచ్‌లు మారిపోతూనే ఉన్నారు. ఆఖరికి ఒక కోచ్ థైరాయిడ్ మాత్ర మెల్లగా మానేయమన్నారు. మా డాక్టర్ గారైతే "టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చూడకుండా డోసు ముట్టుకోవద్దమ్మా" అని గట్టిగా చెప్పారు. ఇక ఇందులో ఉండకూడదని అప్పుడే అనుకున్నాను.

క్యాన్సిల్ చేయమంటే, షరతుల్లో "ఎట్టి పరిస్థితుల్లోనూ డబ్బు వాపసు లేదు" అని ఉందన్నారు. చేరేటప్పుడు "మేడమ్, ఈ ఆఫర్ ఇవాళ రాత్రి పన్నెండింటి వరకే" అని తొందరపెట్టినవాళ్లే ఇప్పుడు ఫోన్ ఎత్తరు. లేని తొందర పుట్టించి అమ్మడాన్నీ, చేరాక బయటపడనివ్వకుండా సబ్‌స్క్రిప్షన్‌లో ఇరికించడాన్నీ కేంద్రం 2023 నవంబర్‌లో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మాయచేసే ఎత్తులు) మార్గదర్శకాలు నిషేధించాయి.

అందరూ తెలుసుకోవాల్సింది ఈఎంఐ గురించి. వాళ్లు "నో కాస్ట్ ఈఎంఐ" అన్నది నిజానికి లోన్. పాన్, ఆధార్ ఓటీపీ, సెల్ఫీ తీసుకున్నది అందుకే. కోర్సు డబ్బంతా ఒక ఫైనాన్స్ కంపెనీ ముందే వాళ్లకు కట్టేసింది, నేను నెలకు 7,000 చొప్పున ఆ కంపెనీకి బాకీ. అంటే కోర్సు ఆగినా లోన్ ఆగదు. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే లాయర్ గారు మొట్టమొదట చెప్పింది ఇదే: "అమ్మా, కోపంలో ఈఎంఐ ఆపకు. బౌన్స్ చార్జీలు పడతాయి, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. కడుతూనే కొట్లాడు." ఇలాంటి డిజిటల్ లోన్‌కి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. కనీసం ఒక రోజు. ఆ లోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఆ వివరం కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో (లోన్ ముఖ్య షరతులు రాసి ఇచ్చే కాగితం) ఉంటుంది, సంతకం పెట్టే ముందే అడిగి తీసుకోండి.

నేను రాసిన మెయిల్ పొడుగేమీ కాదు. ఈ తేదీ నుంచి సేవ వద్దు, వాడిన నెలలకు మాత్రమే డబ్బు తీసుకోండి, మిగిలింది ఫైనాన్స్ కంపెనీకి తిరిగి కట్టి లోన్ క్లోజ్ చేయించండి, ఎన్‌ఓసీ (ఇక బాకీ లేదనే పత్రం) ఇప్పించండి. మాత్ర మానేయమన్న చాట్ స్క్రీన్‌షాట్ జతచేశాను. అదే మెయిల్ ఫైనాన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే అధికారి) కూడా వెళ్లింది. వాళ్లు 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

కోర్సు వాళ్లు 30 శాతం క్యాన్సిలేషన్ చార్జీ అన్నారు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. వాళ్లకు తీర్పు చెప్పే అధికారం లేదు, కంపెనీకి పంపి జవాబు రాబడతారు, అంతే. అయినా దాని తర్వాతే అవతలివాళ్ల గొంతు మారింది. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి కాగితాలు సిద్ధం చేసుకున్నాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ లేకుండానే వేసుకోవచ్చు, 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే వేయొచ్చు. కంపెనీ ఎక్కడో ఉన్నా సరే. షరతే అన్యాయమని కొట్టివేయించాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కి పోవాలి, సేవలో లోపానికైతే జిల్లా చాలు.

అంతవరకూ పోలేదు. ఐదు నెలలు వాడినందుకు 35,000 పట్టుకున్నారు. అప్పటికి ఏడు ఈఎంఐలు కట్టాను కాబట్టి 14,000 నాకు రావాలి. 8,000 ఇచ్చి, 6,000 "అడ్మిన్ చార్జీలు" అన్నారు. ఆ 6,000 అన్యాయమే అని ఇప్పటికీ అంటాను, కానీ మిగతా లోన్ క్లోజ్ అవడం నాకు ముఖ్యం, ఒప్పుకున్నాను.

ఎన్‌ఓసీ చేతికొచ్చాక ఊరుకోకండి. నెట్‌బ్యాంకింగ్‌లో ఆటో డెబిట్ మాండేట్ (ఖాతాలోంచి ఈఎంఐ దానంతటదే కట్ అయ్యే అనుమతి) ఇంకా బతికే ఉంది, నేనే రద్దు చేశాను. ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే క్రెడిట్ రిపోర్టు తీస్తే అందులో లోన్ ఇంకా యాక్టివ్ అనే ఉంది. ఎన్‌ఓసీ జతచేసి, తప్పు సరిచేయమని డిస్‌ప్యూట్ పెట్టాక "క్లోజ్డ్" అని మార్చారు.