భారతీయుడా, రమణా, అపరిచితుడా? లంచం మీద కత్తెత్తిన ముగ్గురిలో ఎవరి కథ గట్టిది?

నాన్న పోయాక ఆయన పేరు మీదున్న పొలం మా పేరుకు మార్పించుకోవడానికి ఏడు నెలలు తిరిగాను. ఆ ఆఫీసులో గుమాస్తా ఒక్కసారి కూడా నోరు తెరిచి డబ్బు అడగలేదు. కాగితాలు తిరగేసేవాడు, "ఇంకా రిపోర్టు రావాలి కదండీ" అనేవాడు. అంటూనే కుడిచేత్తో టేబుల్ సొరుగు నాలుగు వేళ్ల వెడల్పున బయటికి లాగి, అలాగే వదిలేసేవాడు. ఆ సందు వంక చూస్తూ నిలబడ్డ ప్రతిసారీ నాకు 'భారతీయుడు' సినిమాలో లంచగొండుల్ని చంపే ముసలి సేనాపతి గుర్తొచ్చేవాడు. ఆ నెలల్లోనే ఈ మూడు సినిమాలూ మళ్లీ వరసపెట్టి చూశాను.

మూడూ తమిళంలో పుట్టినవే. 1996 మేలో వచ్చిన 'ఇండియన్' మనకు 'భారతీయుడు'. 2005 నాటి 'అన్నియన్' మనకు 'అపరిచితుడు'. ఈ రెండూ శంకర్ తీసినవి. మధ్యలో 2002 దీపావళికి మురుగదాస్ తీసిన 'రమణ' వచ్చింది, విజయకాంత్ హీరో. దాన్నే మరుసటి ఏడు వి.వి. వినాయక్ దర్శకత్వంలో చిరంజీవితో 'ఠాగూర్'గా మళ్లీ తీశారు. మనలో చాలామందికి ఠాగూర్ తెలిసినంతగా రమణ తెలియదు. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ముందు అపరిచితుణ్ని పక్కన పెడతాను. విక్రమ్ నటన మీద నాకు ఫిర్యాదేమీ లేదు. పోలీసుల ఎదుట క్షణానికో మనిషిగా మారే ఆ దృశ్యం ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. గరుడ పురాణంలోంచి కుంభీపాకం, క్రిమిభోజనం తెచ్చి శిక్షలుగా వాడుకోవడం మన జనానికి ఇట్టే ఎక్కింది. ఆ కోపం కూడా లంచం తినే అధికారుల దగ్గరే ఆగదు. రైల్లో పాడు తిండి పెట్టిన కాంట్రాక్టరు మీద, నాసిరకం బ్రేక్ వైరు చేసి అమ్మినవాడి మీద, అంటే 'ఆఁ, ఏమవుతుందిలే' అనుకునే మన అందరి మీదా అది. ఆలోచన గొప్పది. అయితే చంపేది హీరో రామానుజం కాదు, ఒకే మనిషిని వేర్వేరు మనుషులుగా చీల్చే అతని లోపలి జబ్బు. మనిషిని చంపడం న్యాయమా కాదా అన్న ప్రశ్న వచ్చేసరికి, అతనికి ఒంట్లో బాగోలేదని సినిమా తప్పించుకుంటుంది. జవాబు చెప్పాల్సిన మనిషి ఆ బోనులో లేడు.

రమణలో ఉన్నాడు. కాలేజీ ప్రొఫెసరు, మతి స్థిమితంగా ఉన్నవాడు, లెక్క తెలిసినవాడు. అతని మనుషులు పదిహేను మంది తహసీల్దార్లను ఒక్కసారిగా ఎత్తుకుపోతారు. మన ఠాగూర్‌లో వాళ్లే ఎమ్మార్వోలు. ఒక్కొక్కరూ ఎంత తిన్నారో లెక్క తీసి, అందరికన్నా ఎక్కువ తిన్నవాణ్ని మాత్రమే చంపి మిగతా పద్నాలుగు మందిని ఇంటికి పంపేస్తారు. ఈ ఎత్తులో ఉన్న తెలివి మామూలుది కాదు. అందరినీ చంపితే అది ఊచకోత. మొదటి స్థానంలో ఉన్నవాణ్నే చంపితే, రేపట్నుంచి ఆ స్థానం ఎవడికీ అక్కర్లేదు. ప్రతివాడూ పక్కవాడికన్నా తక్కువ తినాలని చూస్తాడు. లంచం ఇన్నాళ్లూ నడిచింది 'అందరూ తింటున్నారుగా' అన్న ధైర్యం మీద. ఈ పథకం సరిగ్గా అక్కడే గొడ్డలి పెడుతుంది.

కేసు ఛేదించే తీరు ఇంకా గొప్పది. డబ్బు పెట్టలేక పెద్ద ఉద్యోగం రాక కానిస్టేబుల్‌గా మిగిలిపోయిన చదువుకున్న కుర్రాడొకడు ఆ పని చేస్తాడు. లోపలి సమాచారం బయటికి ఇస్తున్నదెవరో తేలాలంటే, ప్రతి ఆఫీసులోనూ లంచం ముట్టనివాడెవడో వెతకాలని అతనికి తడుతుంది. వెతికితే వాళ్లంతా ఆ ప్రొఫెసరు దగ్గర చదువుకున్నవాళ్లే. నిజాయితీపరుల జాబితా రాస్తే నిందితులు దొరికే రాజ్యం! కత్తులూ కొడవళ్లూ చూపించే పది సీన్లకన్నా ఈ ఒక్క మలుపు నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ప్రైవేటు ఆసుపత్రి సీను సంగతి వేరే చెప్పక్కర్లేదు. అప్పటికే చనిపోయిన మనిషిని స్ట్రెచర్ మీద లోపలికి పంపితే వైద్యం చేస్తున్నామంటూ డబ్బు కట్టించుకునే ఆ దృశ్యాన్ని ఠాగూర్‌లోనూ అలాగే ఉంచారు. 2015లో మన క్రిష్ హిందీలో తీసిన 'గబ్బర్ ఈజ్ బ్యాక్'లోనూ ఉంచారు. సొంత మనిషి కోసం ఆసుపత్రి బిల్లు కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకు ఆ సీను సినిమాలా అనిపించదు.

రమణ చివర్లో ప్రొఫెసరు తనంతట తాను లొంగిపోతాడు, ఉరికంబం ఎక్కుతాడు. చట్టాన్ని చేతిలోకి తీసుకున్నవాడు చట్టానికి మెడ అప్పగించాడు కాబట్టే ఆ కథకు అంత బరువు. తెలుగులో హీరోకి ఉరి లేదు, జైలుతో సరిపెట్టారు. చిరంజీవిని ఉరితీస్తే హాల్లో ఏమయ్యేదో నాకూ తెలుసు, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ అతను కట్టాల్సిన మూల్యం కట్టకుండా వదిలేయడం వల్ల మనకు విజిల్స్ మిగిలాయి, తమిళం వాళ్లకు గొంతులో ముద్ద మిగిలింది. ఈ కథ చూడాలనుకుంటే రమణే చూడండి.

ఇంత మెచ్చుకున్నాక కూడా నా ఓటు భారతీయుడికే.

నలభై ఒక్కేళ్ల కమల్ హాసన్ నేతాజీ సైన్యంలో పోరాడిన ముసలివాడిగా మారడం గురించి చాలామంది చెప్పారు. ఆ ఏటి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు కూడా వచ్చింది. నేను మాట్లాడేది కొడుకు చంద్రు గురించి. అది కూడా కమలే వేశాడు. సేనాపతి కూతురు ఒళ్లు కాలి ఆసుపత్రిలో ఉంటే డాక్టరు లంచం అడుగుతాడు, తండ్రి ఇవ్వనంటాడు, పిల్ల పోతుంది. తర్వాత ఆ డాక్టర్ని టీవీలో అందరూ చూస్తుండగా చంపుతాడు. మామూలు సినిమా అయితే పగ తీరింది, కథ అయిపోయింది. ఇక్కడ మాత్రం అసలు కథ ఇంట్లో ఉంది. తండ్రి నిజాయితీ కాలం చెల్లిన సరుకనుకుని కొడుకు ఇల్లు వదిలిపోయాడు. ఆర్టీఓ ఆఫీసు బయట బ్రోకరుగా బతికి, పైసలు పెట్టి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం సంపాదిస్తాడు. లంచం తీసుకుని బ్రేకులు సరిగా లేని బస్సుకు సర్టిఫికెట్ ఇస్తాడు. నలభై మంది బడిపిల్లలు చనిపోతారు. తప్పు డ్రైవర్ తాగుడు మీదికి నెడతాడు.

చంద్రు రాక్షసుడు కాదు. ప్రేయసి ఉంది, పాటలున్నాయి, మనకు నచ్చుతాడు కూడా. రమణలో లంచానికి చివరికి ఒక పెద్ద విలన్ ముఖం తగిలించారు, వాడు పోతే మన మనసు తేలికపడుతుంది. ఇక్కడ ఆ ముఖం కొడుకుది. తల్లి అడ్డుపడినా, ప్రేయసి ఏడ్చినా తండ్రి ఆగడు, కొడుకునీ చంపుతాడు. సేనాపతి చివరికి చట్టానికి దొరక్కుండా దేశం దాటిపోతాడు, ఆ విషయంలో ప్రొఫెసరు అతనికన్నా పెద్ద మనిషి. ఆ లోపం నాకు కనిపిస్తూనే ఉంది. అయినా పరాయివాళ్లను చంపడం వేరు, అదే కొలబద్ద తన ఇంట్లో పెట్టడం వేరు.

నిజ జీవితంలో ఏసీబీ పని చాలా నెమ్మది. ఫిర్యాదు చేసినవాడి నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. అధికారి ఆ నోట్లు ముట్టాక అతని వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే గ్లాసులో నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. తర్వాత మధ్యవర్తుల సంతకాలు, ఏళ్ల తరబడి కోర్టు. తమిళ దర్శకులు కత్తి పట్టుకున్నది ఆ నెమ్మది మీద కోపంతోనే. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి లంచం ఇవ్వడాన్ని కూడా నేరం చేశారు. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే తప్పించుకోగలడు. అపరిచితుడు మన అజాగ్రత్తను నిలదీశాడు గానీ, ఇచ్చే చేతి దాకా రాలేదు. రమణ దృష్టిలో మనం బాధితులం. లంచం ఇంట్లోకి ఎలా నడిచొస్తుందో చూపించింది భారతీయుడే.

ఏడో నెలలో నేను ఊళ్లో లేనప్పుడు మా బావ ఒక్కడే ఆఫీసుకి వెళ్లొచ్చాడు. నాలుగు రోజుల్లో పాస్‌బుక్ వచ్చింది. ఆ సొరుగులో ఏం పెట్టావని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. ఆ రాత్రి సినిమా మళ్లీ పెట్టి, కొడుకు ముందు తండ్రి కత్తి తీసే చోట ఆపేశాను. బావ పక్కనే కూర్చుని ఉన్నాడు.