గంటకు 1000 లీటర్ల ఆర్వో ప్లాంటు: తీసే నీళ్లు సరే, వదిలే నీళ్ల సంగతేంది?

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు ఊర్లకు కంపెనీలు ఎక్కువగా అమ్మేది గంటకు 1000 లీటర్లు తీసే ఆర్వో ప్లాంటునే. ఫ్లోరైడ్ తీసే పనిలో దీనికి వంక పెట్టలేం. బోరు నీళ్లలో లీటరుకు 4 మిల్లీగ్రాములున్నా, మెంబ్రేన్లు (నీళ్లను వడకట్టే సన్న పొరలు) బాగుంటే డబ్బాలోకి వచ్చే నీళ్లలో అర మిల్లీగ్రాము కూడా ఉండదు. తాగునీటికి ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకని చోట 1.5. కాబట్టి తీసే నీళ్లకు పూర్తి మార్కులు. వదిలే నీళ్లకు ఒక్క మార్కు కూడా ఇయ్యలేం.

లెక్క చూడండి. 1000 లీటర్లు మంచినీళ్లు తీస్తే ఇంకో 1000 నుంచి 1200 లీటర్లు వేస్టు పైపులో పోతాయి. బోరులో 4 ఉన్న ఫ్లోరైడ్ ఆ వేస్టు నీళ్లలో 7 దాటుతుంది. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే దాదాపు 9000 లీటర్లు. ఎక్కువ చోట్ల ఆ పైపును షెడ్డు వెనక మోరీలోకి వంచి వదిలేస్తారు. పైపు మూతి చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. మోరీ పోయి కుంటలో కలుస్తుంది, కుంటలో ఇంకిన నీళ్లు మళ్లీ బోర్లకే చేరతాయి. ఇంకుడు గుంతలోకి వదలమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అది అన్నిటికంటే చెడ్డ పని. ఇక్కడి గ్రానైటు రాయి నుంచే నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతోంది, దానికి మనం ఇంకా కలిపినట్టు.

టార్పాలిన్ షీటు పరిచి కుంట తవ్వి ఎండబెట్టొచ్చు కదా అంటారు. సగటున రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరవుతాయనుకున్నా 9000 లీటర్లకు 18 గుంటల జాగా కావాలి. వానాకాలానికి అది కూడా చాలదు. అందుకే ముందు వేస్టునే తగ్గించాలి. ప్లాంటు నీళ్లు తాగడానికి, వంటకు మాత్రమే ఇయ్యాలి. 300 ఇండ్లకు ఇంటికి 20 లీటర్లంటే 6000 లీటర్లు, ఆరు గంటలు నడిపితే సరిపోతుంది. వేస్టు నీళ్లకు వేరే ట్యాంకు, ఎర్ర రంగేసిన నల్లా పెట్టి బడి మరుగుదొడ్లకు, ట్రాక్టర్లు కడగడానికి వాడాలి. పశువుల తొట్టికి, కూరగాయల మడికి వద్దే వద్దు. ఇట్ల వాడితే ఫ్లోరైడ్ మాయమైపోదు, కానీ ఆ పనులకు తోడే బోరు నీళ్లు మిగులుతాయి. కొటేషన్‌లో ఈ ట్యాంకు, పైపులైను లేకపోతే అది సగం ప్లాంటు కిందే లెక్క.

ఇక మిషన్ సంగతి. ఇసుక ఫిల్టరుకు, కార్బన్ ఫిల్టరుకు చాలామంది 13 అంగుళాల వ్యాసం వెసెల్ (నిలువు సిలిండరు) ఇస్తారు. గంటకు 2000 లీటర్ల పైగా బోరు నీళ్లు పోయే చోట అది ఇరుకు. నీళ్లు వేగంగా దూసుకుపోతే మట్టి ఇసుకలో ఆగదు, దాని తర్వాత ఉండే 5 మైక్రాన్ క్యాండిల్ (సన్న మట్టిని ఆపే ఫిల్టరు) తొందరగా మూసుకుపోతుంది. 16 అంగుళాలది అడగాలి, రోజూ పది పదిహేను నిమిషాలు బ్యాక్‌వాష్ (నీళ్లు ఎదురు తిప్పి ఫిల్టరు కడగడం) చేయాలి.

మెంబ్రేన్లు పాడవడానికి పెద్ద కారణం వేస్టు వాల్వు. మంచినీళ్లకొకటి, వేస్టుకొకటి రెండు రోటామీటర్లు (లోపలి గుండు ఎత్తును బట్టి గంటకు ఎన్ని నీళ్లు పోతున్నాయో చూపే గొట్టాలు) పక్కపక్కనే ఉంటాయి. వేస్టు వాల్వు కొంచెం బిగిస్తే మంచినీళ్ల గుండు పైకి లేస్తుంది, అందరికీ సంతోషం. లోపల మాత్రం నీళ్లు మరీ చిక్కబడి సున్నం, సిలికా మెంబ్రేను మీద పేరుకుంటాయి. కొన్ని నెలల్లోనే ప్రెషరు పెరిగి నీళ్లు పడిపోతాయి. వేస్టు గుండు గంటకు 1000 లీటర్ల గీత కిందికి దిగకూడదు. యాంటీస్కేలెంట్ (మెంబ్రేన్ల మీద సున్నం పేరుకోకుండా కలిపే మందు) డబ్బా మీద స్కెచ్ పెన్నుతో తేదీ వేసి గీత గీయండి. లీటరుకు 4 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకు 65 నుంచి 70 గ్రాములు పోవాలి. వారమైనా మందు గీత కిందికి దిగలేదంటే దాన్ని పంపే డోసింగ్ పంపులో గాలి పట్టింది, లేదా ఫుట్‌వాల్వులో చెత్త ఇరికింది.

టీడీఎస్ మీటరును నమ్ముకోవద్దు, అది నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి చూపుతుంది, ఫ్లోరైడ్‌ను వేరుగా చూపదు. నీళ్లు చప్పగా ఉన్నాయని జనం అంటే బైపాస్ వాల్వు తిప్పి బోరు నీళ్లు కలిపే అలవాటు ఉంది. 900 టీడీఎస్, 4 ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు నాలుగో వంతు కలిపితే మీటరు 270 చూపిస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. ఫ్లోరైడ్ మాత్రం 1.2 కు చేరుతుంది. ఆ బైపాస్ వాల్వు తీసేయించి మూత వేయించండి. నెలకోసారి ఫ్లోరైడ్ పరీక్ష వేరుగా చేయించాలి.

మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు రోజూ సరిగ్గా వచ్చే ఊరికి ఈ ప్లాంటు అక్కర్లేదు. ఆ పైకంతో ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగించి, క్లోరిన్ సరిగ్గా కలిసేటట్టు చూసుకోవడం మేలు. మన జిల్లా పేరుతోనే ఉన్న నల్లగొండ పద్ధతి, అంటే నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పటిక, సున్నం, బ్లీచింగ్ పద్ధతి, కరెంటు లేకున్నా నడుస్తుంది. కానీ అడుగున దిగే బురదలో ఫ్లోరైడ్, అల్యూమినియం ఉంటాయి, దాన్నీ పొలంలో పారబోయకూడదు.

ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) కాగితంలో ఒక ముక్క తప్పకుండా రాయించండి: పాత మెంబ్రేన్లు, క్యాండిళ్లు అమ్మిన కంపెనీయే తీసుకుపోవాలి. ఆ మాట రాయించకపోతే అవి షెడ్డు వెనక మంటల్లోకే పోతాయి, అదంతా ప్లాస్టిక్కు పొగ.