కాంపోనెంట్ కిట్‌తో పాటు పెర్ఫార్మెన్స్ ట్రాకర్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

అందరికీ నమస్తే. మాది విజయనగరం, చిన్న వ్యాపారాలకి బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ చేస్తుంటాను. ప్రతి ప్రాజెక్టుకీ టేబులూ సెర్చ్ బాక్సూ మళ్ళీ మళ్ళీ రాయలేక ఆన్‌లైన్‌లో ఒక రియాక్ట్ కాంపోనెంట్ కిట్ (వెబ్ స్క్రీన్లు కట్టే రియాక్ట్ అనే లైబ్రరీతో ముందే రాసిపెట్టిన టేబుళ్ళు, సెర్చ్ బాక్సుల్లాంటి ముక్కలు) కొన్నాను, 18 వేలు. అసలు కొన్నదే ఏ కాంపోనెంట్ ఎంత టైం తింటోందో చూపించే ట్రాకర్ ఉందని. అదే ముంచింది.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి స్టాక్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320, బద్ద, ఇలా పప్పు రకాలన్నీ కలిపి 4 వేల వరసలు. ట్రాకర్లో అన్నీ పచ్చగానే ఉన్నాయి, టేబుల్ 12 మిల్లీసెకన్లు. రెండో రోజే ఫోను, "ఏటి బాబూ ఇది, పేరు కొడతంటే అచ్చరం పడ్డానికే ఇంతసేపు పడతంది, బేరానికొచ్చినోడు ఎల్లిపోతన్నాడు" అని. నేను ట్రాకర్ని నమ్మి, మీ నెట్ స్లోగా ఉందేమో అనేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. రైలెక్కి వెళ్ళి ఆయన కౌంటర్ దగ్గర కూర్చుని చూస్తే, పాత ఆండ్రాయిడ్ ఫోను, ఒక్క అక్షరం కొట్టాక మూడు సెకన్లు స్క్రీన్ కదల్లేదు, నెట్ బాగానే ఉంది.

ఇంటికొచ్చి ట్రాకర్ కోడ్ తీశాను. అది కాంపోనెంట్ మొదటిసారి రెండర్ అయిన (అంటే స్క్రీన్ మీదకి తయారైన) టైం ఒక్కటే కొలుస్తోంది, అప్పటికి డేటా ఇంకా రానేలేదు, అంటే ఆ 12 మిల్లీసెకన్లు ఖాళీ టేబుల్‌వి! అక్షరం కొట్టిన ప్రతిసారీ 4 వేల వరసలూ మళ్ళీ రెండర్ అవుతున్న సంగతి దాని లెక్కలోనే లేదు. ఇంకోటి, అది రియాక్ట్ ప్రొఫైలర్ (రెండర్ టైం కొలవడానికి రియాక్ట్‌లోనే ఉన్న పనిముట్టు) మీద కట్టింది, కస్టమర్‌కి ఇచ్చే మామూలు ప్రొడక్షన్ బిల్డులో ప్రొఫైలర్ పనిచెయ్యదు, ప్రొఫైలింగ్ బిల్డ్ వేరేగా చేసుకోవాలి. ఆ సంగతి వాళ్ళు ఎక్కడా చెప్పలేదు. పలాస నుంచి ఒక్క నంబరూ రాలేదు, నేను చూసినవన్నీ నా లాప్‌టాప్‌లోవే. పైగా పాత వెర్షన్‌వీ కొత్త వెర్షన్‌వీ కలిపి సగటు చూపిస్తోంది, ఏ మార్పుతో స్లో అయిందో ఎలా తెలుస్తుంది?

గూగుల్ వాళ్ళు కూడా వెబ్‌సైట్ ఎంత త్వరగా స్పందిస్తుందో కొలవడానికి, మొదటి క్లిక్కో టైపింగో ఒక్కటే చూసే ఎఫ్ఐడీ అనే కొలతని తీసేసి 2024 మార్చిలో ఐఎన్‌పీ అనే కొలత పెట్టారు, పేజీలో ఉన్నంతసేపు జరిగే క్లిక్కులూ టైపింగూ చూసేది. 75వ పర్సంటైల్ దగ్గర, అంటే పేజీ తెరిచిన నూటికి కనీసం 75 సార్లు, 200 మిల్లీసెకన్ల లోపుంటేనే బాగున్నట్టు. సగటు కాదు, గమనించండి.

రిఫండ్ అడిగితే డిజిటల్ ప్రాడక్ట్, కుదరదన్నారు.

కొనేముందు ట్రయల్ అడగండి. డెమో డేటాతో కాదు, మీ సొంత డేటా వేసి, క్రోమ్ బ్రౌజర్లోనే ఉండే డెవ్‌టూల్స్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్ళి, పాత ఫోనులా ఉండేలా సీపీయూని 6 రెట్లు స్లో చేసి సెర్చ్‌లో టైప్ చెయ్యండి. ట్రాకర్ కస్టమర్ దగ్గర లైవ్‌లో కొలుస్తుందా, రీ-రెండర్లు లెక్కేస్తుందా, వెర్షన్ల వారీగా విడిగా ఉంచుతుందా అని రాతపూర్వకంగా అడగండి, సూటిగా చెప్పకపోతే డబ్బులు కట్టకండి.

పలాసలో స్క్రీన్ మీద కనిపించే వరసలే రెండర్ అయ్యేలా మార్చాను, ఇప్పుడు కొట్టగానే పడుతోంది. బొబ్బిలిలో ఇంకో షాపుకీ ఇదే కిట్ వాడాను, ఈ ఆదివారం అక్కడికెళ్ళాలి.