సీఓజీ లాంగ్ టర్మ్ ఫాలో అప్ గైడ్‌లైన్స్ 6వ వెర్షన్: చదువు, జ్ఞాపకశక్తి విషయంలో ఎంతవరకు అక్కరకొస్తాయి?

చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి, చికిత్స ముగిసి రెండేళ్లు దాటినవాళ్ల కోసం తయారైన ఉచిత పత్రం ఇది. ఏ మందు వల్ల ఏ ఇబ్బంది రావచ్చు, దానికి ఏ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించాలి అన్నదే ఇందులోని విషయం. అమెరికా కేంద్రంగా పిల్లల క్యాన్సర్‌పై పరిశోధించే చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ (సీఓజీ) దీన్ని 2003లో మొదటిసారి విడుదల చేసింది. ఇక్కడ చూస్తున్న 6వ వెర్షన్ 2023 అక్టోబరుది. పైసా కట్టక్కర్లేదు, పీడీఎఫ్ దించుకోవచ్చు. గుండె, థైరాయిడ్, ఎముకలు అన్నీ ఉన్నాయి గానీ ఈ సమీక్ష మెదడు పనితీరుకే పరిమితం.

ముందు తెలుసుకోవాల్సింది: జబ్బు పేరుతో వెతికితే ఇందులో దారి దొరకదు. అధ్యాయాలన్నీ చికిత్స వారీగా ఉంటాయి. బ్లడ్ క్యాన్సర్ పిల్లవాడి అమ్మానాన్నలు చూడాల్సింది మెథోట్రెక్సేట్, సైటరబిన్ అనే కీమో మందులు, తలకు రేడియేషన్. ఒక్కో పేజీలో వరసగా మందు, రాగల ఇబ్బంది, చేయించాల్సిన పరీక్ష, చెప్పాల్సిన జాగ్రత్తలు ఉంటాయి. ఈ అమరిక మొదట విసుగనిపించినా సరైనదే. ఒకే జబ్బుకు 1980లో తలకు రేడియేషన్ ఇచ్చారు, ఇప్పుడు చాలామందికి ఇవ్వడం లేదు. ఆ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు.

అందరూ తడబడేది మోతాదుల దగ్గర. మన డిశ్చార్జి సమ్మరీల్లో మందుల పేర్లు, తేదీలు ఉంటాయి, మొత్తం మోతాదు తరచూ ఉండదు. ఈ పత్రానికి కావాల్సింది అదే. రక్తనాళం ద్వారా ఇచ్చిన మెథోట్రెక్సేట్ ఒక్కో విడతకు చదరపు మీటరుకు 1000 మిల్లీగ్రాములు, ఆపైన అయితే 'హై డోస్' కింద లెక్క. శరీర వైశాల్యం తెలియకపోతే ఎత్తు సెంటీమీటర్లను బరువు కిలోలతో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీయాలి. 110 సెం.మీ., 19 కిలోల పిల్లకు సుమారు 0.76 చదరపు మీటర్లు. ఒక విడతలో ఆ పిల్లకు 2280 మి.గ్రా. ఎక్కించి ఉంటే చదరపు మీటరుకు 3000 అన్నమాట. అలాంటివి నాలుగైతే చదరపు మీటరుకు 12 గ్రాములు. వెన్నులోకి ఇచ్చే సూదిమందును మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. దాని మోతాదు వయసును బట్టి ఉంటుంది, ఎందుకంటే మెదడు చుట్టూ ఉండే ద్రవం పరిమాణం మూడేళ్లకే పెద్దవాళ్ల స్థాయికి దగ్గరవుతుంది. అది ఎన్నిసార్లు ఇచ్చారో రాసుకుంటే చాలు. చిత్రంగా, చాలా ఫైళ్లలో కనిపించనిది ఆ సంఖ్యే. వార్డు రికార్డు అడిగి తీసుకోవాలి, అదీ ఏళ్లు గడవకముందే.

ఇక అసలు సలహా. ఏటా చదువు లేదా ఉద్యోగం ఎలా సాగుతోందో అడగాలి. దీర్ఘకాల ఫాలో అప్‌లోకి వచ్చేటప్పుడు ఒకసారి న్యూరోసైకాలజీ పరీక్ష (జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచనా వేగం కొలిచేది) చేయించాలి. ఆ తర్వాత అవసరాన్ని బట్టి మళ్లీ. ఇంతవరకు బాగుంది. పరీక్షకు ఎలా వెళ్లాలో మాత్రం ఇందులో దొరకదు. చికిత్స చివరి దశ అయిన మెయింటెనెన్స్ ఇంకా నడుస్తుండగానే చేయించాల్సి వస్తే, స్టెరాయిడ్ వాడే వారంలో వచ్చే ఫలితం నమ్మలేం. చూపు, వినికిడి ముందే చూపించాలి. వినికిడిని దెబ్బతీయగల సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వాడినవాళ్లకు అది మరీ ముఖ్యం. తలకు రేడియేషన్ పడితే థైరాయిడ్ కూడా చూడాలి, అది తగ్గినా పిల్లలు మందకొడిగానే కనిపిస్తారు. రిపోర్టులో ఐక్యూ ఒక్కటే చూసి 'నార్మల్' అనుకోవద్దు. ఈ మందులు ముందుగా దెబ్బతీసేది పని వేగం, ఏకాగ్రత, చేస్తున్న పనిని మనసులో పట్టి ఉంచే శక్తి. (సగటు 100 అనుకుంటే) మొత్తం ఐక్యూ 98 ఉండి వేగం సూచీ 80 దగ్గర ఆగితే, ఆ పిల్లవాడికి పాఠం అర్థమవుతుంది, పేపరు పూర్తికాదు. మన దగ్గర పిల్లల ఐక్యూకు వాడే 1969 నాటి మాలిన్ స్కేలు ఈ వేగాన్ని విడి సూచీగా ఇవ్వదు. వెక్స్‌లర్ అనే మరో ఐక్యూ పరీక్ష నాలుగో ఎడిషన్ భారతీయ రూపం ఇస్తుంది. ఏది చేస్తారో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. బడిలో ఏ భాషలో చదువుతున్నారో ఆ భాషలోనే చేయించండి.

మా అసంతృప్తి వయసు పెరగడం దగ్గర. ఈ పత్రం మెదడు సమస్యను ప్రధానంగా బడి సమస్యగానే చూస్తుంది. పరిశోధన దాన్ని దాటి చాలాదూరం వెళ్లింది. మెంఫిస్‌లోని సెయింట్ జ్యూడ్ ఆసుపత్రిలో న్యూరోసైకాలజిస్ట్ కెవిన్ క్రల్ బృందం, చిన్నప్పుడు ల్యుకేమియా (బ్లడ్ క్యాన్సర్) వచ్చి తగ్గిన 567 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించింది. పరీక్షించిన అంశాన్ని బట్టి 28.6 నుంచి 58.9 శాతం మందిలో లోటు కనిపించింది, కీమో మాత్రమే తీసుకున్నవాళ్లతో సహా. అదే ఏడాది అక్కడి నుంచే వచ్చిన ఇంకో అధ్యయనంలో, తలకు 24 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ పడినవాళ్లకు జ్ఞాపకశక్తి తగ్గింది, 18 గ్రేలు పడినవాళ్లు సగటు స్థాయిలోనే ఉన్నారు. తర్వాత వచ్చిన ఒక సర్వే అంతకన్నా కలవరపెట్టేది: మొదటిసారి అడిగినప్పుడు జ్ఞాపకశక్తి బాగానే ఉందన్నవాళ్లలో, ఏళ్ల తర్వాత కొత్తగా మతిమరుపు చెప్పినవాళ్లు తోబుట్టువుల్లో సుమారు 8 శాతం, కీమో మాత్రమే తీసుకున్న ల్యుకేమియా వాళ్లలో 14, తలకు రేడియేషన్ పడినవాళ్లలో 26, మెదడు కణితుల వాళ్లలో 35. లింఫు గ్రంథుల క్యాన్సర్ అయిన హాడ్జ్‌కిన్ లింఫోమా వాళ్లలోనూ దాదాపు 17. హాడ్జ్‌కిన్ చికిత్స మెదడు జోలికే పోదు. ఛాతీ రేడియేషన్, ఆంత్రాసైక్లిన్ మందుల వల్ల గుండె, ఊపిరితిత్తులు దెబ్బతిని, ఆ ప్రభావం మెదడు దాకా వెళ్తుందన్నది బలమైన వాదన.

అంటే పదేళ్లప్పుడు చేయించిన పరీక్ష బాగుందని ముప్పై ఐదేళ్లప్పుడు ధీమాగా ఉండలేం. అయినా ఈ పత్రం 'అవసరాన్ని బట్టి' అంటుందే తప్ప ఫలానా వయసులో మళ్లీ చేయించమని గడువు పెట్టదు. పిల్లలకే మొదటి పరీక్ష దొరకడం కష్టమైన చోట ఈ మాట 'అక్కర్లేదు' అన్నట్టే చెల్లిపోతుంది. ఆరో తరగతికి ముందు, ఇంటర్‌కు ముందు, ఉద్యోగంలో చేరాక ఒకసారి, ముప్పై దాటాక ఒకసారి చేయించడం మేలని మా అభిప్రాయం.

కుటుంబాల కోసం ఇచ్చిన 'హెల్త్ లింక్స్' కరపత్రాలు తేలిక ఇంగ్లిషులో, ఒక్కో సమస్యకు కొన్నేసి పేజీల్లో ఉంటాయి. చదువు సమస్యల కరపత్రంలో ముందు సీటు, రాసే పని తగ్గించడం, పరీక్షల్లో అదనపు సమయం వంటి సూచనలు యథాతథంగా టీచరుకు ఇవ్వొచ్చు. అందులోని అమెరికా చట్టాల భాగం మనకు దండగ. మన దగ్గర ఆధారం 2016 వికలాంగుల హక్కుల చట్టం. అర్హత ఉంటే రాతపరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. అయితే లెర్నింగ్ డిజెబిలిటీ ధ్రువపత్రానికి చూసేది చదవడం, రాయడం, లెక్కల్లో లోటును. వేగం ఒక్కటే తగ్గితే ఆ దారిన పత్రం రావడం కష్టం. అప్పుడు న్యూరోసైకాలజిస్టు రిపోర్టు పట్టుకుని స్కూలుతో నేరుగా మాట్లాడుకోవాలి.

తెలుగులో లేకపోవడం పెద్ద లోటే. ఇంగ్లిషు చదవగలిగినా మొత్తం చదవబోవద్దు, బెంబేలెత్తిస్తుంది. మీ పిల్లలకు ఇవ్వని మందుల పేజీలతో మీకు పనిలేదు. చికిత్స సారాంశం ఫారం ఒకటి, మీకు వర్తించే రెండు మూడు పేజీలు, చదువు కరపత్రం ప్రింటు తీసుకుని, ఫారం నింపించి ఆంకాలజిస్టు సంతకం తీసుకోండి. ఐదుకు నాలుగు ఇస్తున్నాం. ఆ తగ్గించిన ఒక్కటీ ముప్పై దాటినవాళ్ల తరఫున.