మనాలిలో ఎక్కడ దిగితే మేలు: మాల్ రోడ్డా, పాత మనాలా, నగ్గరా?

మా హన్మకొండలో ఎండాకాలం సెలవులు దగ్గరపడ్డాయంటే ఇంటింటా మనాలి మాట మొదలవుతుంది. కొత్తగా పెళ్లయిన జంటలు, పిల్లల పరీక్షలు అయిపోయిన ఇళ్లవాళ్లు, బాపుకు అమ్మకు ఒక్కసారైనా మంచు చూపించాలనుకునే కొడుకులు. అందరూ అడిగేది ఒకటే: "ఏ రిసార్ట్ బాగుంటది?"

రిసార్ట్ పేరు తర్వాత చూద్దాం. ముందు లోయలో ఏ చోట దిగాలో తేల్చుకోవాలి. పగలు ఎక్కడ దిగినవాళ్లయినా క్యాబ్‌లోనే తిరుగుతారు, చూసే చోట్లూ దాదాపు అవే. తేడా పొద్దుగూకినాక తెలుస్తుంది. చలికాలంలో సూర్యుడు కొండ వెనక్కి పోగానే చలి పట్టుకుంటుంది. ఐదింటికి గదికి చేరినవాళ్లు మళ్లీ బయటపడేది తెల్లారి తొమ్మిదింటికి. ఖరీదైన గదికి మీరు కట్టే డబ్బంతా ఆ పదహారు గంటల కోసమే. ఆ సాయంత్రాలు ఎట్లా గడవాలనుకుంటున్నారో దాన్నిబట్టే చోటు ఎంచుకోవాలి.

మనాలి దాదాపు 2,050 మీటర్ల ఎత్తున, బియాస్ నది ఒడ్డున ఉంది. నది ఉత్తరం నుంచి దక్షిణానికి కుల్లూ వైపు దిగుతుంది. ఊరి ప్రధాన బజారైన మాల్ రోడ్డు, హిడింబి గుడి, పాత మనాలి పడమటి గట్టున ఉన్నాయి. వశిష్ఠ్, జగత్‌సుఖ్ ఊళ్లు, ఇంకా దిగువన నగ్గర్ తూర్పు గట్టున ఉన్నాయి. బుకింగ్ చేసేటప్పుడు ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ, పడమటి గట్టుకు పొద్దున ఎండ ముందొస్తుంది, సాయంత్రం కొండనీడ తొందరగా కమ్ముతుంది. తూర్పు గట్టు వాలు మీద సాయంకాలపు ఎండ ఇంకాసేపు నిలుస్తుంది. చలికి అలవాటు లేని మనలాంటివాళ్లకు ఆ కాస్త ఎండే పెద్ద సుఖం. ఆదిలాబాద్ వాళ్లు సింగిల్ డిజిట్ చలి మాకు తెలుసంటారు, నిజమే. కానీ అక్కడ పొద్దున పది గంటలు దాటితే ఎండ కాస్తుంది. జనవరిలో మనాలిలో రాత్రి సున్నా కిందికి పోతుంది, పగలు కూడా పెద్దగా వేడెక్కదు.

మాల్ రోడ్డు దగ్గర దిగితే లాభం ఒకటే, అది నిజమైన లాభం. బజారుకు నడిచి వెళ్లొచ్చు. మాల్ రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు కాబట్టి పిల్లల చేయి వదిలినా టెన్షన్ ఉండదు. మందుల షాపు, ఏటీఎం, శాలువాలు, పొద్దుపోయినా అన్నం దొరికే హోటళ్లు అన్నీ అందుబాటులో ఉంటాయి. రొట్టె నమలలేని పెద్దవాళ్లు వెంట ఉంటే ఇది చిన్న విషయం కాదు. కానీ కిటికీ తెరిస్తే చాలాచోట్ల పక్క హోటల్ గోడే కనిపిస్తుంది. మే, జూన్ నెలల్లో బండ్ల బారులు కిలోమీటర్ల పొడవున నిలుస్తాయి. లగ్జరీ పేరుతో ఇక్కడ ఎక్కువ కట్టడం నాకు నచ్చదు. ఎంత మంచి గదైనా ఆ హారన్ మోత తప్పించలేదు. హిడింబి గుడి వైపు పైకి వెళ్తే కాస్త నయం. 1553లో కట్టిన ఆ చెక్క గుడి చుట్టూ దేవదారు చెట్లు. పొద్దున్నే జనం రాకముందు భీముడి భార్య గుడికి నడుచుకుంటూ వెళ్లడం బాగుంటుంది.

పాత మనాలి కుర్ర జంటలకు, స్నేహితులకు. వాగు దాటి ఎక్కితే సన్న సందులు, కేఫ్‌లు, రాత్రిదాకా పాటలు. మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మను ఆ ఎత్తు ఎక్కించకండి. చాలా చోట్ల కారు గుమ్మం దాకా పోదు, సామాను మోసుకోవాల్సిందే.

మంచు ఆటలకు జనం వెళ్లే సోలాంగ్ లోయ మనాలికి 13 కిలోమీటర్ల ఎగువన ఉంటుంది. తెల్లారి కిటికీలోంచి మంచు చూడాలని పిల్లలు పట్టుబడితే ఒక్క రాత్రి చాలు, సాయంత్రం చేయడానికి ఏమీ ఉండదు. 2020 అక్టోబర్‌లో కొండను తొలిచి వేసిన రోడ్డు సొరంగం అటల్ టన్నెల్ తెరిచాక అవతల సిస్సూలో కూడా బసలు వచ్చాయి. సిస్సూ 3,000 మీటర్లు దాటిన ఊరు. పగలు వెళ్లి చూసి రండి. బీపీ, ఆయాసం ఉన్నవాళ్లను రాత్రి అక్కడ పడుకోబెట్టడం వద్దంటాను.

ఇక నగ్గర్. అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్లే మా వైపు కుటుంబాలకు నేను ముందు చెప్పేది దీని పేరే. మనాలికి దాదాపు 20 కిలోమీటర్ల దిగువన, కొండవాలు మీద ఉంటుంది. ఎత్తు కాస్త తక్కువ కాబట్టి చలి కూడా ఓ పిసరు తక్కువే. కింద లోయంతా పరుచుకుని కనిపిస్తుంది. చుట్టూ ఆపిల్ తోటలు, ఏప్రిల్‌లో వెళ్తే పూత మీద ఉంటాయి. ఒకప్పటి కుల్లూ రాజుల రాజధాని ఇది. వాళ్ల కోటను ఇప్పుడు హిమాచల్ టూరిజం హోటల్‌గా నడుపుతోంది, అందులోనే బస చేయొచ్చు. రాయి ఒక వరుస, దేవదారు దూలం ఒక వరుసగా పేర్చి కట్టిన ఆ కోట 1905 కాంగ్రా భూకంపాన్ని తట్టుకుంది. రామప్ప గుడి పునాదిలో ఇసుక ఎందుకు నింపారో వింటూ పెరిగినవాళ్లం, ఆ గోడల దగ్గర కాసేపు ఆగకుండా ఉండలేం. రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ 1928 నుంచి 1947లో చనిపోయేదాకా ఉన్న ఇల్లు కూడా ఈ ఊళ్లోనే, ఇప్పుడది మ్యూజియం. నది దగ్గరకు దిగితే పట్లీకుహల్‌లో ప్రభుత్వ ట్రౌట్ చేపల కేంద్రం ఉంది. కొర్రమీను రుచి మరిగినవాళ్లకు ట్రౌట్ చప్పగా అనిపించొచ్చు, అయినా తాజా చేప తాజా చేపే.

నగ్గర్‌తో ఇబ్బంది లేకపోలేదు. సోలాంగ్, అటల్ టన్నెల్‌కు పోయే రోజు పొద్దున్నే బయల్దేరాలి. బజారు చిన్నది, రాత్రి తొందరగా సద్దుమణుగుతుంది. షాపింగ్ లేనిదే సెలవు సెలవులా అనిపించని ఇంటివాళ్లు ఇక్కడ రెండో రోజుకే విసుక్కుంటారు.

నది ఒడ్డు రిసార్ట్‌ల ఫొటోలు చూసి చాలామంది మనసు పారేసుకుంటారు. నీళ్ల చప్పుడు వింటూ పడుకోవడం హాయే. కానీ బియాస్‌ను తక్కువ అంచనా వేయొద్దు. ఈ లోయలోనే ఒక మోటెల్‌ను కాపాడుకోవడానికి నది దారి మళ్లించిన కేసులో, నదులు ప్రజలందరివీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేనని 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023 జులై వరదల్లో పడమటి గట్టు హైవే చాలాచోట్ల కొట్టుకుపోతే రాకపోకలకు నగ్గర్ మీదుగా వెళ్లే తూర్పు గట్టు రోడ్డే దిక్కయింది. 2025 ఆగస్టులో మళ్లీ వరదొచ్చింది. జులై, ఆగస్టుల్లో నది పక్క గది ఎంత తక్కువకు వచ్చినా తీసుకోకండి. అసలు ఆ రెండు నెలలు మనాలి ప్రయాణమే పెట్టుకోకపోవడం మంచిది.

చోటు తేలాక రిసార్ట్‌కు ఫోన్ చేయండి, వెబ్‌సైట్ చూసి వదిలేయొద్దు. హీటింగ్ మొత్తం భవనానికి ఉందా, గదికో హీటర్ పెట్టి దానికి వేరే డబ్బు తీసుకుంటారా? లిఫ్ట్ ఉందా? మంచు పడ్డ రోజు కారు గుమ్మం దాకా వస్తుందా, కింద రోడ్డు మీదే దిగాలా? కరెంటు పోతే జనరేటర్ మీద గీజర్ నడుస్తుందా? ఈ నాలుగింటికి సూటిగా జవాబు చెప్పలేని చోట స్పా, ఈతకొలను ఎంత గొప్పగా ఉన్నా డబ్బు దండగే.

నాలుగు రాత్రులుంటే పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మూడు నగ్గర్‌లో, చివరిది మాల్ రోడ్డు పక్కన పెట్టుకోండి. శాలువాలు, డ్రై ఫ్రూట్స్ కొనడం ఆ చివరి సాయంత్రం అయిపోతుంది. మొదటి రాత్రి మాత్రం నగ్గరే. కాజీపేటలో రైలెక్కి ఢిల్లీ చేరి, అక్కడి నుంచి పన్నెండు పద్నాలుగు గంటలు వోల్వోలో కూర్చుని వచ్చేవాళ్లు పట్లీకుహల్‌లోనే దిగిపోవచ్చు, మనాలి దాకా పోయి వెనక్కి రానక్కర్లేదు. క్యాబ్‌ను అక్కడికే పిలిపించుకోండి.